ఆవగింజంత నిమ్మకాయ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కారు కట్టి చూడు అనలేదు. వారి కాలానికి కార్లు లేవు గనుక వారిని తప్పుపట్టలేం. ఉండి ఉంటే మాత్రం తప్పకుండా అనేవారే! ఇంటికి మేస్త్రీ ఉంటాడు, పెళ్ళికి పురోహితుడుంటాడు. నేను చెప్పబోయే కారుకు వడ్రంగీ, కంసాలీ, రంగులవాడూ అన్నీ మనమే. పైగా అంతా అయిన తరవాత చూస్తే అది జానెడు పొడుగు కూడా ఉండదు.

పెట్టెలో ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్ కారును అతికించి, రంగులు వేసి, అసలు కారుకు తోడబుట్టిన తమ్ముడిలా తయారుచెయ్యడం ఒక సరదా. ఈ సరదా నాకు పట్టుకుని పన్నెండేళ్ళయింది. పొద్దుట కాలేజీలో ప్రబంధాలు చెప్పే మనిషి సాయంత్రమయ్యేసరికి భూతద్దం తగిలించుకుని, చిన్న శ్రావణంతో గింజంత చక్రం పట్టుకుని కూర్చుంటే మా పాలకొల్లులో చూసినవాళ్ళు ఊరుకుంటారా?

"ఏటండీ మాష్టారూ, చిన్నపిల్లల బొమ్మల్తో మీకేం పనండీ?" అని అడుగుతూనే ఉంటారు.

ఇవి చిన్నపిల్లల బొమ్మలు కావు. పిల్లవాడి కారు పరుగెత్తాలి, గోడకు గుద్దుకోవాలి, మెట్ల మీంచి దొర్లాలి. ఈ కారు కదలనక్కరలేదు. అసలు కారు ఎలా ఉండేదో ఉన్నదున్నట్టు చెప్పగలిగితే చాలు.

కొలతలో ఉంది కిటుకంతా

కార్ల నమూనాలలో బాగా వాడుకలో ఉన్న కొలత ఇరవైనాలుగో వంతు. అసలు కారు మీద అడుగున్నది నమూనా మీద అర అంగుళం అన్నమాట. అమెరికా కంపెనీలు మాత్రం ఇరవైఐదో వంతును ఎక్కువగా పట్టుకున్నాయి. చిన్న చిన్న లోహపు కార్లు పోగుచేసేవారికి నలభైమూడో వంతు ప్రీతి. ఇంత విచిత్రమైన అంకె ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నారు? బొమ్మ రైళ్ళ నుంచి. అడుగుకు ఏడు మిల్లీమీటర్ల లెక్కన రైళ్ళు చేసేవారు. ఆ బొమ్మ స్టేషన్ల ముందు నిలబెట్టడానికి అదే కొలతలో కార్లు పుట్టాయి.

లెక్క తెలియడానికి మా ఊరి ఉదాహరణే చెబుతాను. పంచారామాలలో ఒకటైన మా క్షీరారామం గోపురం 120 అడుగులు. ఇరవైనాలుగో వంతుకు దింపితే అయిదడుగులు. ఎనిమిదో క్లాసు కుర్రవాడంత. ఆ గోపురం ముందు దణ్ణం పెట్టుకునే అయిదున్నర అడుగుల భక్తుడు పావు తక్కువ మూడంగుళాలు. పీచు తియ్యని కొబ్బరికాయ బఠాణీగింజంత. అంబాసిడర్ కారు సుమారు 4.3 మీటర్లు గనుక నమూనాలో 18 సెంటీమీటర్లు. మరి దాని ముందు దిష్టికి కట్టిన నిమ్మకాయో? సరిగ్గా ఆవగింజంత! ఏ దేశపు కంపెనీ పెట్టెలోనూ ఈ భాగం రాదు. మన పోపులపెట్టెలోంచి తీసి, పసుపురంగు అద్దుకోవలసిందే.

గెలలో కారు

పెట్టె మూత తియ్యగానే మొదట కనిపించేది కారు కాదు. ఒక ప్లాస్టిక్ కాడ, దానికి గెలకు అరటికాయల్లా వేలాడుతూ వందకు తక్కువ కాకుండా ముక్కలు. కరిగించిన పాలిస్టైరీను అనే ప్లాస్టిక్‌ను ఉక్కు అచ్చులోకి గట్టి ఒత్తిడితో ఎక్కిస్తారు. అది పారిన కాలవే ఈ కాడ. ముక్కలు విరవకూడదు, పదునైన కట్టరుతో కత్తిరించాలి. తరవాత తొడిమ మిగిలినచోట ఉప్పుకాగితంతో అరగదియ్యాలి.

అతికించే బంకకు ఒక విశేషం ఉంది. ఇది మన తుమ్మజిగురులా మధ్యలో కూర్చుని రెండు ముక్కలనూ పట్టుకోదు. రెండింటి అంచులనూ కాస్త కరిగించి, తాను ఆవిరైపోతుంది. మిగిలేది ఒక్కటే ముక్క. సంధికార్యమంటే అదీ! ఎక్కడైనా సందు మిగిలిందా, వ్యాకరణంలో యడాగమం వచ్చినట్టు ఇక్కడ పుట్టీ వచ్చి చేరుతుంది. మంచి సంధికి గుర్తు ఒకటే, అతుకు కనబడకూడదు.

రంగు దగ్గర మా గోదావరి జిల్లాలవాళ్ళకు ప్రత్యేకమైన కష్టం ఉంది. ముందు బూడిదరంగు పూత, దాని మీద అసలు రంగు పల్చగా మూడు నాలుగు సార్లు, పైన మెరుపు పూత. గాలిలో తేమ ఎక్కువైతే కొన్ని రంగులు ఆరుతూ ఆరుతూ తెల్లగా పాలిపోతాయి. అందుచేత శ్రావణ భాద్రపదాల్లో నేను పిచికారీ ముట్టుకోను. ఎండ కాసే రోజుల్లో రైసుమిల్లు బూడిద ఎగురుతుంది. కాబట్టి ధనుర్మాసపు మధ్యాహ్నం, కిటికీలు మూసిన గదిలో, ముక్కుకు గుడ్డ కట్టుకుని వెయ్యడం శ్రేష్ఠం. వేశాక తలుపు తీసి గాలి ఆడనివ్వాలి. ఆ వాసన ఒంటికి మంచిది కాదు.

ఇక అలంకారం. కిటికీల చుట్టూ వెండిపట్టీకి పూతరేకు లాంటి అల్యూమినియం రేకు అంటించి, అంచు వెంట బ్లేడుతో కోస్తారు. తలుపు సందుల్లోకి నీళ్ళలాంటి నల్లరంగు వదిలితే, కళ్ళకు కాటుక పెట్టినట్టు తలుపు తలుపుగా కనిపిస్తుంది. పారేసిన కరెంటు వైరులోంచి తీసిన రాగి పోగులు ఇంజనులో తీగలవుతాయి. నాలుగు సిలిండర్ల ఇంజనుకు ప్లగ్గులకు నాలుగు, కాయిలుకు ఒకటి, మొత్తం అయిదు. బానెట్టు మూస్తే ఇవేవీ కనబడవు. అయినా పెట్టాలి. ఎందుకంటే పెట్టలేదని మనకు తెలుసు గదా!

దేశదేశాల ముచ్చట

ఈ సరదా వెనుక పెద్ద పెద్ద కంపెనీలున్నాయి. అమెరికాలో జనరల్ మోటార్సు వారి ఫిషర్ బాడీ సంస్థ 1930లో కుర్రవాళ్ళకు ఒక పోటీ పెట్టింది. మొదట రాజుల కాలపు గుర్రబ్బగ్గీ నమూనా చెయ్యమన్నారు. 1937 నుంచి, సొంతంగా ఊహించిన కారును పన్నెండో వంతులో చెయ్యమన్నారు. గెలిచినవారికి కాలేజీ చదువుకు స్కాలర్‌షిప్పులు. 1968 దాకా సాగిన ఆ పోటీలో తయారైన కుర్రవాళ్ళు కొందరు తరవాత నిజం కార్లకే రూపురేఖలు దిద్దారు.

ఆ దేశంలోనే 1948లో పుట్టిన ఏ.ఎం.టీ. కంపెనీ కొత్త కార్ల నమూనాలు చేసి కార్ల దుకాణాలకు ఇచ్చేది. 1958లో ఒకే పెట్టెతో మూడు రకాలుగా కట్టుకునే కిట్టు తెచ్చింది. జపానులో షిజువోకా పట్నపు టామియా కంపెనీ కథ మరీ చిత్రం. 1946లో అది కలప వ్యాపారం. చెక్క నమూనాలలోంచి ప్లాస్టిక్‌లోకి వచ్చి లోకప్రసిద్ధమైంది. 1970లలో పోర్షే కారు నమూనా చెయ్యాలనుకుని, ఒక నిజం పోర్షే కారునే కొని ముక్కముక్కా విప్పేశారట. విప్పడమైతే విప్పారు గాని మళ్ళీ బిగించడానికి పోర్షే మనుషుల్ని పిలిపించుకోవలసివచ్చింది!

మన దేశానికీ ఇందులో పాలుంది. ఇంగ్లండులో పేరుమోసిన డింకీ లోహపు కార్ల పాత అచ్చులు 1960ల చివర కలకత్తా చేరి, 'నికీ' అనే పేరుతో ఇక్కడి పిల్లల చేతుల్లోకి వచ్చాయి. హైదరాబాదు సుధాకర్ గారిది దీనికి తిరగేసిన వ్యవహారం. కారును చిన్నది చెయ్యడానికి బదులు బూటునూ, క్రికెట్ బ్యాటునూ, వంకాయనూ పెద్దవి చేసి కార్లుగా నడిపిస్తారు. 2010లో బహదూర్‌పురాలో వాటికొక మ్యూజియమే తెరిచారు.

కొండపల్లి వారి దారి

ఇంత దూరం తిరిగి చూస్తే, పెట్టెలో రాకపోయినా ఈ పని మనవాళ్ళకు కొత్త కాదని తెలుస్తుంది. కొండపల్లి ఎడ్లబండిని చూడండి. తెల్లపొణికి చెక్కలో ఎద్దు ఒళ్ళు వేరే, కాళ్ళు వేరే, కొమ్ములు వేరే చెక్కుతారు. చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. సున్నం పూసి, ఆరాక సన్నని కుంచెతో రంగులు దిద్దుతారు. ముక్కలు, బంక, పుట్టీ, తొలిపూత, రంగు: వరస అక్షరాలా ఒకటే! 2007లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఆ చెక్కే నాకు అక్కరకొచ్చింది. పెట్టెల్లో వచ్చేవి ఎక్కువగా పరదేశపు కార్లు. నాకు కావలసింది అంబాసిడర్. అందుకని పొణికి చెక్కను కారు ఆకారంలో చెక్కి, వేడికి మెత్తబడిన ప్లాస్టిక్ రేకును దాని మీదికి దించి ఒళ్ళు తయారుచేశాను. కొలతలకు ఊళ్ళో ఒకరి పెరట్లో మిగిలిన కారు చుట్టూ దర్జీ టేపు పట్టుకుని రెండు ఆదివారాలు తిరిగాను.

ఎడంవైపు సొట్ట

అంబాసిడరే ఎందుకంటే మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. ఇరవైఆరేళ్ళు అంబాసిడర్ టాక్సీ నడిపారు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పోలికతో 1950ల చివర ఉత్తరపారా ఫ్యాక్టరీలో మొదలైన ఆ కారు 2014లో ఆగిపోయింది. ఆయన కారు అంతకు ముందే పాత ఇనుము కింద తూకానికి వెళ్ళింది. ఆయన దగ్గర దాని ఫోటో ఒక్కటి కూడా లేదు. కారు పక్కన నిలబడి పెళ్ళివారందరూ ఫోటోలు తీయించుకున్నారు. అవన్నీ ఆ పెళ్ళివారి ఇళ్ళలో ఉన్నాయి.

కారు పూర్తయ్యాక తీసుకెళ్ళి చూపించాను. తెల్లరంగు, ముందద్దం పైన స్వామివారి పేరు, బంపరుకు ఆవగింజ నిమ్మకాయ, దారం ముక్కల పచ్చిమిరపకాయలు. ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు.

"అన్నీ బానే ఉన్నాయి గానండీ, ఎడం పక్క మడ్‌గార్డు మీద సొట్టేదండీ?"

"సొట్టేమిటండీ?"

"తొంభయ్యారు తుపానండీ. నవంబరు నెల. ఆ రాత్రి ఓ ఆడకూతుర్ని నొప్పులతో ఆస్పత్రికి తీసుకెళ్తుంటే కొబ్బరికాయల గెల ఊడి పడిందండి. ఓ జానెడు ఇటు పడితే అద్దం పోయేది. బిడ్డ క్షేమంగా పుట్టిందండి. షెడ్డువాడు సొట్ట తీసేస్తానంటే నేనే వొద్దన్నానండి. అది లేకపోతే నా కారు కాదండి."

ఆ రాత్రే గుండుసూది తలను దీపం మీద వేడిచేసి, మడ్‌గార్డు మీద మెల్లగా అదిమాను. పెసరగింజంత సొట్ట పడింది. దాని మీద మళ్ళీ రంగు వేశాను. పన్నెండేళ్ళలో నేను దిద్దిన నగిషీలన్నిటిలోకీ నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఆ సొట్టే. కంపెనీ పుస్తకాలలో కారు కొలతలన్నీ ఉంటాయి. ఏ కారు ఎవరికోసం దెబ్బతిన్నదో వాటిలో ఉండదు. అది నడిపినవారు చెప్పాలి, వారుండగానే అడిగి రాసుకోవాలి. మా పక్కనే అంతర్వేదిలో 2020లో స్వామివారి రథం కాలిపోతే, 2021కల్లా కొత్త రథం తయారైంది. రథానికి ఊరంతా ఉంది. టాక్సీకి ఎవరున్నారు?

మొదలుపెట్టేవారికి

ఈ సరదా మీద మనసు పడినవారికి రెండు మాటలు. మొదటి కారుకు ఖరీదైన పెట్టె కొనకండి. విదేశీ కిట్టు ధరకు తపాలా, సుంకం కలిస్తే ఇల్లాలి కనుబొమలు ముడిపడతాయి. ఆ ముడిని ఏ బంకా విప్పదు. ఒక కట్టరు, ఒక శ్రావణం, రెండు రకాల ఉప్పుకాగితం, మూడు రంగులు చాలు. పదేళ్ళు దాటిన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి; బ్లేడు మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి. రోజుకు గంటకు మించి చెయ్యకండి. నలభై దాటినవారైతే మంచి దీపం, భూతద్దం తప్పనిసరి. కిందపడ్డ ముక్కను వెతకడానికి ముందు ఇల్లు ఊడ్చేవారిని ఆపండి.

మొన్న సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువులో కొండపల్లి ఎడ్లబండి పక్కన ఈ టాక్సీని నిలబెట్టాం. పేరంటానికి వచ్చినవాళ్ళలో ఒకావిడ పిల్లకు చూపిస్తూ, "అయ్యో, కొత్త బొమ్మకు సొట్ట పడిందే!" అన్నారు. మా ఆవిడ పసుపుకుంకాలు ఇస్తూ, "అది పడింది కాదండీ వదినగారూ, పెట్టించుకున్నది" అని, తుపాను కథంతా మొదలుపెట్టింది. ఆ కథ అయ్యేసరికి పేరంటం ఆలస్యమైంది. పోపులపెట్టెలో ఆవాలు ఎందుకు తరిగిపోతున్నాయో కూడా ఆ రోజుతో ఊరందరికీ తెలిసిపోయింది.