చిటికెడు సాంబ్రాణి, చేతిలో ఒక పత్రం

క్రీ.శ. 250 జూన్‌లో ఈజిప్టులోని ఒక పల్లెలో అరేలియస్ డయోజినిస్ అనే 72 ఏళ్ల పెద్దాయన అధికారులకు అర్జీ పెట్టుకున్నాడు. ఎప్పుడూ దేవతలకు బలులిస్తూనే ఉన్నాననీ, ఇప్పుడు రాజాజ్ఞ ప్రకారం మీ కళ్లెదుటే బలి ఇచ్చి, ధారపోసి, నైవేద్యం రుచి చూశాననీ, ఆ మాట ధ్రువీకరించమనీ అందులో వేడుకున్నాడు. కుడి కనుబొమ మీద మచ్చ ఉందని కూడా రాయించాడు, మన పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రాసినట్టే. ఇలాంటి పత్రాలు ఈజిప్టు ఇసుకలో నలభైకి పైగా దొరికాయి.

ఆ ఆజ్ఞ ఇచ్చింది రోమన్ చక్రవర్తి డీసియస్. సరిహద్దుల్లో గోత్ తెగల దాడులు, సింహాసనం కోసం సేనానుల కుమ్ములాటలు. దేవతలు అలిగితే రాజ్యం నిలవదని రోమన్ల నమ్మకం. అందుకే దాదాపు ప్రజలందరూ బలి ఇవ్వాలన్నాడు. క్రైస్తవులకు అది ప్రాణసంకటమైంది.

మన క్రైస్తవ గుడుల్లో, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షుల పండుగనాడు చెప్పే ప్రసంగాలు విన్నవాళ్లకు మూడు వందల ఏళ్లూ సింహాల నోళ్లు తెరిచే ఉన్నాయనిపిస్తుంది. నిజానికి హింస అలలు అలలుగా వచ్చింది. 64లో రోము తగలబడినప్పుడు నీరో ఆ నేరం క్రైస్తవుల మీద మోపి చంపించాడు. 112 ప్రాంతంలో ప్లినీ అనే గవర్నరు వీళ్లనేం చేయాలని ట్రాజన్ చక్రవర్తిని అడిగితే, వెతికి పట్టుకోవద్దు, ఆకాశరామన్న ఉత్తరాలు నమ్మొద్దు, మన దేవతలకు మొక్కితే వదిలేయి అని జవాబొచ్చింది. అంటే అప్పట్నుంచి బయటపడే దారి చాలావరకు తెరిచే ఉంది. చిటికెడు సాంబ్రాణి నిప్పులో వేస్తే చాలు, ఇంటికి వెళ్లిపోవచ్చు. ఆ దారి కనిపిస్తూనే వద్దనుకోవడంలోనే వేదసాక్షుల గొప్పతనమంతా ఉందని నా నమ్మకం.

ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో పెర్పెతువ కథ చూడండి. ఇరవై రెండేళ్ల పిల్ల, పెద్దింటి ఆడపడుచు, ఒళ్లో పాలుతాగే బిడ్డ. చెరలో ఉండగా ఆమె రాసుకున్న మాటలు నేటికీ మిగిలాయి. తల నెరిసిన తండ్రి వచ్చి ఆమె చేతులు ముద్దుపెట్టుకుని, కాళ్ల మీద పడి, పసివాడి ముఖం చూడమ్మా అని ఏడ్చాడు. గవర్నరు కూడా నాన్న ముసలితనం చూసి జాలిపడు, బలి ఇవ్వు అన్నాడు. ఆమె ఇవ్వనంది. ఆ తర్వాత బిడ్డను తండ్రి పంపలేదు. వాడు పాలకోసం మారాం చేయడం మానేశాడనీ, తనకు రొమ్ములు సలపలేదనీ ఆమె రాసుకుంది. ఆమెతోపాటు చెరలో ఉన్న ఫెలిసిత బానిస, ఎనిమిది నెలల గర్భిణి. కడుపుతో ఉన్నవాళ్లను చంపడానికి అప్పటి చట్టం ఒప్పదు. చెరలోనే ఆడపిల్లను కని, ఆ బిడ్డను ఒక విశ్వాసి చేతిలో పెట్టింది. 203 మార్చి 7న ఇద్దరూ ఒకే రంగస్థలిలో ప్రాణాలు విడిచారు. పెద్దింటి బిడ్డ పేరూ బానిస పేరూ పక్కపక్కనే కలిపి పూజలో నేటికీ తలుస్తారు.

ఆ శతాబ్దంలో మన గడ్డ మీద ఏం జరుగుతోంది? వీరులపాడు నుంచి నందిగామ మీదుగా జగ్గయ్యపేట వెళితే ధనబోడు కొండ మీద బౌద్ధ స్తూపం ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి అక్కడ ఆయక స్తంభాలు (స్తూపానికి నాలుగు దిక్కులా ఉండే స్తంభాలు) నిలిపినట్టు శాసనం చెబుతోంది. ఆ రాజు తండ్రి శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఇంటి ఆడవాళ్లేమో నాగార్జునకొండలో బౌద్ధానికి దానాలిచ్చారు. అక్కడి తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు కూడా దొరికాయి. నాణేల మీద బొమ్మలైన చక్రవర్తుల దేశంలో మాత్రం విశ్వాసానికి ధ్రువపత్రం కావాల్సొచ్చింది.

డీసియస్ కాలంలో చాలామంది తలవంచారు. కొందరు బలి ఇవ్వకుండానే లంచమిచ్చి పత్రం కొనుక్కున్నారు. వాళ్లను చిన్నచూపు చూడటం నాకు చేతకాదు. పిల్లలున్నవాళ్లు, పొలాలున్నవాళ్లు. కార్తేజ్ బిషప్పు సిప్రియన్ కూడా అప్పుడు తలదాచుకున్నాడు. హింస చల్లారాక పడిపోయినవాళ్లు ఏడుస్తూ గుడి గుమ్మం దగ్గరికొస్తే, ప్రాయశ్చిత్తం చేయించి చేర్చుకోవాలని ఆయన తోటి బిషప్పులతో కలిసి తీర్మానించాడు. 258 సెప్టెంబరు 14న, వలేరియన్ పాలనలో, ఆయన వంతు వచ్చింది. ఈసారి పారిపోలేదు. తల నరికే తలారికి ఇరవై ఐదు బంగారు నాణేలు ఇమ్మని తనవాళ్లకు చెప్పాడు.

అన్నిటికంటే పెద్ద హింస 303లో డయొక్లీషియన్ మొదలుపెట్టాడు. గుడులు కూల్చారు, గ్రంథాలు తగలబెట్టారు. దాన్ని పట్టుబట్టి నడిపించిన అతని సహపాలకుడు గలేరియస్ 311లో జబ్బుతో మంచానపడి, హింస ఆపుతూ శాసనం ఇచ్చాడు. ఇకమీదట క్రైస్తవులు తమ దేవుణ్ణి తన క్షేమం కోసం, రాజ్యం క్షేమం కోసం ప్రార్థించాలని అందులోనే కోరాడు.