కంటిలో సూదిమందు - నిదుర లేచే వైరసు

మధుమేహం ముదిరినవారిలో కంటి లోపలి రెటీనా పొర నీరుపట్టి ఉబ్బుతుంది. ఈ ఉబ్బు తగ్గడానికి ట్రయామ్‌సినొలోన్ వంటి స్టీరాయిడు మందును సన్నని సూదితో కంటిలోనికే ఎక్కిస్తారు. చూపు కుదుటపడుతుంది. అయితే ఏ కొద్దిమందికో కొన్ని వారాల తరువాత ఆ కన్నే ఎర్రబడి, వెలుతురు చూడలేక నీరు కారుతుంది. సూదితో ఏదో క్రిమి చేరినదని రోగి అనుకుంటాడు. అట్లా చేరడమూ అరుదుగా ఉన్నది గాని, అది బాక్టీరియాల పని. సాధారణంగా కొద్దిరోజులలోనే బయటపడుతుంది. ఇక్కడ చెప్పేది వేరు. ఈ వైరసు ముందునుండీ ఆ మనిషిలో ఉన్నదే.

దాని పేరు హెర్పిస్ సింప్లెక్స్. జ్వరం తరువాత పెదవిమీద పొక్కులు లేపేది ఇదే. చాలమందికి చిన్ననాడే సోకి, ముఖానికి స్పర్శనిచ్చే త్రిధారనాడి మొదట ఉన్న కణాల ముడిలో ఏండ్ల తరబడి పడి ఉంటుంది. రక్షణకణాలు దానికి కావలి కాస్తాయి. స్టీరాయిడు చేసేది ఆ కణాల చురుకు తగ్గించడమే. వాపు తీసేదీ, కావలి సడలించేదీ ఒకే గుణం. అప్పుడు వైరసు నాడివెంట కార్నియాకు దిగివచ్చి పుండు చేస్తుంది. రంగుచుక్క వేసి నీలికాంతిలో చూస్తే ఆ పుండు చెట్టుకొమ్మలవలె చీలి కనబడుతుంది. మాటిమాటికీ వస్తే మచ్చ మిగులుతుంది. మనవారు కంటిలో పువ్వు అనేది ఇటువంటి మచ్చనే. కార్నియాకు స్పర్శ తగ్గుతుంది గనుక నొప్పి అంతగా తెలియకపోవచ్చు కూడ.

చుక్కలమందైతే వైద్యుడు తగ్గించి ఆపగలడు. కంటిలోనికి ఎక్కించిన ట్రయామ్‌సినొలోన్‌ను వెనుకకు తీయడం సులభం కాదు. దాని పని ఇంచుమించు మూడు నెలలు సాగుతుంది.

మందులు లేకపోలేదు. 1962లో కాఫ్‌మన్ ఐడాక్సురిడిన్‌తో ఈ పుండును మాన్పాడు. తరువాత అసైక్లోవిర్ వచ్చింది. 1998లో అమెరికాలో ప్రకటించిన పరిశోధనలో 703 మంది పాల్గొన్నారు. 400 మిల్లీగ్రాముల అసైక్లోవిర్ రోజుకు రెండుసార్లు ఏడాదిపాటు మింగినవారిలో నూటికి 19 మందికి, ఉత్తమాత్రలు మింగినవారిలో 32 మందికి రోగం తిరగబెట్టింది. నాడిలోని వైరసును మాత్రం ఇదీ పెకలించలేదు.

మా ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుండి పటాన్‌చెరువు కార్ఖానాలకు పోయివచ్చే పనివాడు కన్ను ఎర్రబడితే ఇనుపరజను పడిందనుకొని, మందులషాపులో చుక్కలు కొని వేసుకుంటాడు. ఏండ్ల తరువాత చక్కెరజబ్బుకు కంటిసూది వేయించుకునేనాడు ఆ పాతసంగతి చెప్పవలెనని అతనికి తోచదు. చెప్పినట్లైతే వైద్యుడు ముందుగా కార్నియాను పరీక్షిస్తాడు. అసైక్లోవిర్ కాపుదలతో సూది వేయవచ్చు, లేదా స్టీరాయిడు మాని బెవాసిజుమాబ్ వంటి మరొక మందును ఎంచుకోవచ్చు.