బంగారు అక్షరాల కింద నూలుపోగు

పవిత్ర కాబా గృహాన్ని కప్పి ఉంచే నల్లని పట్టువస్త్రాన్ని ఎరుగని ముస్లిం కుటుంబం ఉండదు. హజ్‌కో ఉమ్రాకో వెళ్ళివచ్చినవారు దానిని కన్నులారా చూసి ఉంటారు. తక్కినవారు చిత్రపటాలలో చూసి ఉంటారు. అరబ్బీలో దాని పేరు కిస్వా. మన ఇళ్ళలో గిలాఫె కాబా అనడం పరిపాటి. ఆ వస్త్రానికి పైభాగాన నలువైపులా తిరిగివచ్చే పట్టీ మీద ఖుర్ఆన్ ఆయతులు మెరుస్తూ ఉంటాయి. దూరం నుండి చూసేవారికి అవి మగ్గం మీద నేసినవనో, అచ్చువేసినవనో అనిపించవచ్చు. నిజానికి అవి సూదితో, చేతితో కుట్టినవి. పైగా బట్టకు అంటుకొని ఉండక, రాతిమీద ఉబ్బెత్తుగా చెక్కినట్లు పైకి లేచి ఉంటాయి. ఆ ఎత్తు ఎక్కడిది? బంగారానిది కాదు. దాని అడుగున దాగి ఉన్న సాధారణమైన నూలుపోగుది.

మక్కాలోని కుట్టుశాల

శతాబ్దాల పాటు కిస్వా ఈజిప్టు నుండి వచ్చేది. 19వ శతాబ్దపు తొలి దశకాల నుండి కైరోలోని ఖురున్ఫిష్ వీధిలో ఉన్న దారుల్ కిస్వా ఈ పనికి కేంద్రంగా నిలిచింది. 1927లో రాజు అబ్దుల్ అజీజ్ మక్కాలోని అజ్యాద్ ప్రాంతంలో ఒక కార్ఖానాను నెలకొల్పినపుడు, తొలి దినాలలో దానిని నడిపినవారిలో భారతదేశం నుండి వెళ్ళిన నేతగాళ్ళు, కుట్టుపనివారు ఉన్నారు. మన దేశపు చేతులకు ఈ వస్త్రంతో గల సంబంధం ఇది. ఈజిప్టు నుండి కిస్వా రావడం 1962తో ఆగిపోయింది. 1977 నుండి మక్కా శివార్లలోని ఉమ్ముల్ జూద్‌లో ఉన్న కార్ఖానాలో ఇది తయారవుతున్నది.

కిస్వా ఎత్తు 14 మీటర్లు. దాని పట్టీ వెడల్పు 95 సెంటీమీటర్లు, పొడవు సుమారు 47 మీటర్లు; దానిని 16 ముక్కలుగా కుడతారు. వస్త్రానికి వందల కిలోల పట్టు, కుట్టుకు సుమారు 120 కిలోల బంగారు పూత వెండితీగ, 100 కిలోల వెండితీగ పడతాయి. సుమారు 200 మంది ఏడాది పొడవునా శ్రమిస్తారు. పూర్వం జుల్‌హిజ్జా 9వ తేదీన మార్చే ఈ వస్త్రాన్ని హిజ్రీ 1444 నుండి ముహర్రం 1వ తేదీన మారుస్తున్నారు. ఒక్క ఏడాదికే దిగిపోయే వస్త్రమని తెలిసి కూడా, యుగాలపాటు నిలవవలసినదన్నంత శ్రద్ధతో కుట్టడం గమనింపదగిన విషయం.

ముందు నూలు, తరువాత తీగ

కార్ఖానాలో మొదట చట్రానికి గట్టి నూలుబట్టను బిగిస్తారు. దానిపై నల్లపట్టును పరచి, అక్షరాల అంచులను తెల్లని రంగుతో అచ్చువేస్తారు. ఆ అంచుల నడుమ నూలుపోగులను పేర్చి కుట్టి అక్షరానికి కండ కలిగిస్తారు. అది తగినంత ఎత్తు వచ్చిన తరువాతనే తీగ పని మొదలవుతుంది. తీగను నూలుపోగులకు అడ్డంగా, ఈ అంచు నుండి ఆ అంచుకు నడిపి, మలుపు మలుపునా సన్నని దారంతో పట్టివేస్తారు. తీగ బట్టలోనికి దిగదు, బట్టమీదనే పవళిస్తుంది. బట్టను గుచ్చి లాగితే దాని పూత చెదురుతుంది.

మన హైదరాబాదు పాతబస్తీలోని కార్చోబ్ పనికి, నేడు ఊరూరా కనిపించే మగ్గం వర్కుకు మూలసూత్రం ఇదే. ఇంటివద్ద ఈ పని చేపట్టే సోదరీమణులు కొన్ని విషయాలు గుర్తుంచుకోవడం మేలు.

బట్ట చట్రంపై డప్పులా బిగిసి ఉండాలి. నింపే దారాన్ని తేనెమైనం మీద ఒకసారి లాగితే అది గట్టిపడి చిక్కులు పడదు. బంగారు తీగ కింద పసుపుపచ్చని నూలు, వెండి తీగ కింద తెల్లని నూలు వాడితే, ఎక్కడైనా సందు మిగిలినా కంటికి ఆనదు. నింపుడు నడుమ ఎత్తుగా, అంచులకు వచ్చేసరికి వాలుగా ఉండాలి. పై తీగ ఏ దిశలో నడుస్తుందో దానికి అడ్డంగా నింపుడు కుట్లు నడవాలి. లేనిచో తీగ ఆ కుట్ల సందులలోనికి జారిపోతుంది.

స్ప్రింగు వలె చుట్టిన దబ్కాను వాడేటపుడు మరింత ఓపిక అవసరం. దానిని చిన్న ముక్కలుగా కత్తిరించి పూసలవలె సూదికి ఎక్కిస్తారు. ముక్క కొలత నింపుడు వాలుకు సరిపోవాలి. పొడవైతే నడుమ లేచి వంగుతుంది. పొట్టిదైతే అంచున నూలు బయటపడుతుంది. ముక్కలు ఎగిరిపోకుండా మఖ్మల్ గుడ్డ మీద ఉంచి కత్తిరించడం మంచిది. చెమట, తేమ తగిలితే వెండి నల్లబడుతుంది. కనుక చేతులు కడిగి ఆరబెట్టుకొని కూర్చోవాలి. పూర్తయిన భాగాన్ని మెత్తని పలుచని గుడ్డతో కప్పి ఉంచాలి.

పని ఎంతవరకు వచ్చింది?

ఈ కుట్టులో అందరినీ అలసటకు గురిచేసేది మొదటి సగమే. దినాల తరబడి కుట్టినా చట్రం మీద పసుపు నూలు గుట్టలు తప్ప మరేమీ కనిపించవు. చూడవచ్చిన వారు “ఇంకా మొదలుపెట్టలేదా?” అని అడుగుతారు. అనేక పనులు అటకమీదికి చేరేది ఈ దశలోనే. అటువంటపుడు మొత్తం నమూనాను కాక, ఒక ఆకునో ఒక అక్షరాన్నో ఆనాటి పనిగా నిర్ణయించుకోవడం ఉత్తమం. నమాజు వేళలు దినాన్ని సహజంగానే విభజిస్తాయి. జొహర్, అసర్‌ల నడుమ పగటి వెలుతురులో కూర్చొని, అజాన్ వినగానే సూదిని పక్కన పెట్టే అలవాటు కన్నులకు, మెడకు విశ్రాంతినిస్తుంది. కొలవవలసినది మెరుపును కాదు. నింపుడు ఎంత నునుపుగా వచ్చిందన్న దానిని.

తొందరపడి పలుచగా నింపి తీగ పరచినవారికి ఫలితం వెంటనే తెలియదు. నాలుగు పర్యాయాలు కట్టి మడతపెట్టిన తరువాత పువ్వు కుంగిపోతుంది, తీగ వదులవుతుంది. అపుడు విప్పి సరిదిద్దడం అసాధ్యప్రాయం. ఒకసారి వంగిన తీగ మళ్ళీ తిన్నగా పరుచుకోదు.

బేరమాడే ముందు

ఇక్కడ కుట్టేవారికే కాక కుట్టించుకునేవారికీ ఒక బాధ్యత ఉన్నది. నికాహ్ దుస్తుల కోసం దుకాణానికి వెళ్ళి ధరను సగానికి తగ్గించమని పట్టుబట్టినపుడు, ఆ తగ్గింపు ఎవరి చేతి నుండి పోతున్నదో ఆలోచించాలి. తీగ తగ్గితే మనకు కనిపిస్తుంది. కనుక దానిని తగ్గించరు. తగ్గేది మనకు కనిపించని నింపుడు, లేదా ఒక ఇంటిలో దీపం వెలుతురున తల వంచి కుట్టే స్త్రీ కూలి. పనివాని చెమట ఆరకముందే కూలి చెల్లించాలని దైవప్రవక్త (స) బోధించారు. పండుగ తరువాత ఇస్తామని, పెళ్ళి సందడి తీరాక చూద్దామని వాయిదా వేసే డబ్బు మనది కాదు. అది ఆమె ఇంటి రేషను, పిల్లల ఫీజు. దుస్తులు చేతికి అందిన నాడే లెక్క తీర్చడం మన ధర్మం.

కుట్టేవారు సైతం కొలమానం ఒకటే ఉంచుకోవాలి. పైన తీగ పరచిన తరువాత అడుగున ఏమున్నదో కొనేవారు చూడలేరు. సృష్టికర్త చూస్తాడు. పనిలో ఇహ్సాన్ అంటే, ఎవరూ విప్పి చూడని ఆ పొరను కూడా నిండుగా కుట్టడమే.