కాలేయం ఒక్కటే కాదు

నగరంలో నాది చిన్న రక్తపరీక్షల ల్యాబ్. మోకాళ్ల కింద ఊదారంగు మచ్చలు, ఒళ్లంతా కీళ్ల నొప్పులు ఉన్న ఒక పెద్దావిడ రేపల్లె డాక్టరు గారి చీటీ తెచ్చింది. "నాకు కామెర్లు లేవు కదయ్యా, హెపటైటిస్ పరీక్ష దేనికి?" అనడిగింది. అడగాల్సిన ప్రశ్నే.

1989లో బయటపడిన హెపటైటిస్ సి వైరస్‌కు అసలు స్థావరం కాలేయమే. రోగి ఒంట్లో రోజుకు సుమారు లక్ష కోట్ల వైరస్‌లు తయారవుతాయి. అయితే అది రక్తకణాల్లోనూ కనిపిస్తుంది. మరి అలా కనిపించినది అక్కడే పుట్టిందా, కాలేయం నుంచి కొట్టుకొచ్చిందా? ఈ వైరస్ తన ఆర్‌ఎన్‌ఏకు నకళ్లు తీసేముందు తిరగేసిన ప్రతి ఒకటి తయారుచేసుకుంటుంది, రబ్బరు స్టాంపు మీద అక్షరాల్లాగా. ఆ ప్రతి ఒక కణంలో దొరికిందంటే అచ్చు అక్కడే పడుతోందన్నమాట. పరిశోధకులకు అది తెల్లరక్త కణాల్లో, లింఫు గ్రంథుల్లో, మెదడులో కూడా దొరికింది. దొరికింది అతి కొద్దిగానే కాబట్టి పరీక్షల్లో పొరపాటేమోనని వాదించేవారూ ఉన్నారు. కానీ కొందరు రోగుల్లో తెల్లకణాల్లోని వైరస్ రకం, కాలేయంలోని రకం వేరువేరుగా ఉన్నాయి. వట్టిగా కొట్టుకొచ్చినదైతే ఆ తేడా ఎందుకుంటుంది? నాకు ఈ ఆధారమే బలంగా కనిపిస్తుంది.

తెల్లకణాల్లో వైరస్ కొద్దిగా పెరిగినా, అసలు పెరగకపోయినా, వాటిలో బి కణాలనే రకాన్ని అది రెచ్చగొట్టడం మాత్రం నిజం. అవి చలికి గడ్డకట్టే క్రయోగ్లోబులిన్లనే ప్రోటీన్లను తయారుచేస్తాయి. సన్న రక్తనాళాల్లో అవి పేరుకుంటే మచ్చలు, నొప్పులు, కిడ్నీ దెబ్బ. కొందరికి లింఫోమా అనే క్యాన్సర్ కూడా వస్తుంది. క్రయోగ్లోబులిన్ల పరీక్షకు తీసిన రక్తాన్ని 37 డిగ్రీల దగ్గరే ఉంచాలి. ఐసు డబ్బాలో తెనాలి పంపితే దారిలోనే అవి అడుగుకు దిగిపోయి, లేవని రిపోర్టు వస్తుంది.

ఈ వైరస్ మన జన్యువుల్లో చేరి దాక్కోలేదు. అందుకే సోఫోస్‌బువిర్‌తో కలిపి ఇచ్చే మాత్రలు సాధారణంగా 12 వారాల్లో దాన్ని తుడిచేస్తాయి, చాలామందిలో మచ్చలూ తగ్గుతాయి. అమెరికాలో మాత్ర వెయ్యి డాలర్లున్న సోఫోస్‌బువిర్‌ను 2015లో హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కో చౌకగా తెచ్చింది. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో మందు ఉచితం.

2001కి ముందు రక్తం ఎక్కించుకున్నవారు, డయాలసిస్‌లో ఉన్నవారు, ఒకరికి వాడిన సూదితో ఇంజెక్షన్ వేయించుకున్నామన్న అనుమానం ఉన్నవారు ఒక్కసారి యాంటీబాడీ పరీక్ష చేయించుకోండి. పాజిటివ్ వస్తే అక్కడితో ఆగకుండా ఆర్‌ఎన్‌ఏ పరీక్ష అడగండి.