కలిపి ఉంచాలి... విడిగానూ ఉంచాలి!

ప్రొద్దుటూరులో హెడ్డాఫీసు. జమ్మలమడుగులో ఒక బ్రాంచి, పులివెందులలో ఇంకొకటి. మూడుచోట్లా కంప్యూటర్లు, సీసీ కెమెరాలు, వైఫై. అన్నిటినీ ఒకే నెట్‌వర్కులో కలిపేస్తే పని సులువే. కానీ... దొంగ ఎక్కడో ఒకచోట దూరితే చాలు, మూడూళ్లూ తిరిగొచ్చేస్తాడు. వాణ్ని ఒక్క గదిలోనే ఆపేసే కనిపించని గోడ పేరు... వీల్యాన్!

బంగారం అంగళ్లతో ‘రెండో బొంబాయి’గా పేరుపడ్డ ఊరు ప్రొద్దుటూరు. పెన్న వెంబడి వెళ్తే జమ్మలమడుగు. అరటికీ చీనీకీ పేరున్న పులివెందుల ఇంకోవైపు. ఒక ఊళ్లో వ్యాపారం నిలదొక్కుకుంటే, పక్క ఊళ్లో బ్రాంచి తెరవాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. ఒకప్పుడైతే బ్రాంచి లెక్కలు రాత్రికి ఫోన్లో చదివి వినిపించడమో, చిట్టా పుస్తకం బస్సులో పంపడమో చేయాల్సి వచ్చేది. ఇప్పుడలా కాదు. జమ్మలమడుగులో బిల్లు కొట్టిన మరుక్షణం ప్రొద్దుటూరులో స్టాకు తగ్గినట్టు కనిపించాలి. పులివెందుల అంగట్లో కెమెరా చూస్తున్నదంతా యజమాని సెల్‌ఫోన్లో కనిపించాలి.

అందుకని ఏం చేస్తారు? ఇంటర్నెట్ పెట్టెకు ఒక స్విచ్ తగిలిస్తారు. ఇది లైటు స్విచ్ కాదు, కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె. లెక్కల కంప్యూటరు, బిల్లు మిషను, సీసీ కెమెరాల డీవీఆర్, కస్టమర్లకిచ్చే వైఫై... అన్నీ దానికే. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ఒక్క క్లిక్... పన్నెండు కోట్లు!

ఆ చిక్కు ఎంత దూరం పోగలదో హైదరాబాద్‌లో ఒక బ్యాంకుకు అనుభవమైంది. 2022 జనవరిలో ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి సుమారు 12.48 కోట్ల రూపాయలు మాయమయ్యాయి. దొంగలు లాకరు పగలగొట్టలేదు. అంతకు రెండు నెలల ముందు, 2021 నవంబరులో ఉద్యోగులకు దొంగ ఈమెయిళ్లు పంపారు. వాటిని తెరిచినవాళ్ల కంప్యూటర్లలోంచి లోపలికి దారి చేసుకున్నారు. అదను చూసి డబ్బును వందల ఖాతాల్లోకి మళ్లించి, దేశంలోని ఏటీఎంల నుంచి తీసేసుకున్నారు.

దర్యాప్తు వివరాలను అప్పటి హైదరాబాద్ పోలీసు కమిషనర్ సీవీ ఆనంద్ విలేకరులకు వెల్లడించారు. పోలీసులు ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి ఇది... ప్రధాన కార్యాలయాన్నీ శాఖలనూ వీల్యాన్లతో విడదీయకపోవడం! 2023లో రిజర్వు బ్యాంకు సైబర్ భద్రత నిబంధనలు పాటించలేదంటూ ఈ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది.

2017 మేలో ‘వాన్నాక్రై’ వైరస్ ప్రపంచాన్ని వణికించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఒక కంప్యూటరులో చేరితే, ఎవరూ ఏమీ నొక్కకపోయినా అదే నెట్‌వర్కులోని లొసుగులున్న మిగతావాటికి పాకడం దాని ప్రత్యేకత. 2016లో ‘మిరాయ్’ అనే వైరస్ ఏకంగా సీసీ కెమెరాలను, డీవీఆర్‌లనే పట్టుకుంది. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మార్చకపోవడమే దానికి దొరికిన సందు.

దండోరా అందరికీ వినిపిస్తే...

ఇంతకీ వీల్యాన్ అంటే? వర్చువల్ లోకల్ ఏరియా నెట్‌వర్క్. మామూలు స్విచ్‌కు తగిలించిన కంప్యూటర్లన్నీ ఒకే వీధిలో ఉన్నట్టు లెక్క. ‘ఫలానా అడ్రసు ఎవరిది?’ అని ఒకటి అడిగితే ఆ దండోరా వీధంతా వినిపిస్తుంది. పది ఇళ్ల వీధిలో ఫరవాలేదు. వందల ఇళ్లయితే దండోరాల మోతే ఎక్కువవుతుంది. పైగా ఆ వీధిలో చేరిన కొత్తవాడు ఏ తలుపైనా తట్టగలడు.

అమెరికాలో బెల్‌కోర్ సంస్థ ఇంజినీరు డేవిడ్ సిన్‌కోస్కీ 1980లలో ఈ ఆలోచనకు రూపమిచ్చారు. కంపెనీలన్నీ ఒకే పద్ధతి పాటించేలా 1998లో ‘802.1క్యూ’ అనే ప్రమాణం వచ్చింది. సూత్రం చాలా తేలిక. స్విచ్ నుంచి స్విచ్‌కు వెళ్లే ప్రతి సమాచారపు మూటకూ నాలుగు బైట్ల చీటీ అంటిస్తారు. దానిమీద ఒక నంబరు. లెక్కల కంప్యూటర్లకు 10, కెమెరాలకు 20, కస్టమర్ల వైఫైకి 30 అనుకుందాం. 10వ నంబరు మూట 10వ నంబరు గదికే పోతుంది, పక్క గదికి దాని దండోరా కూడా వినపడదు. తీగ ఒకటే, పెట్టె ఒకటే, గదులు మాత్రం వేరు! ఇలా 4,094 గదుల దాకా కట్టుకోవచ్చు. అంగడికి మూడో నాలుగో చాలు.

ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాల్సి వస్తే? మధ్యలో రౌటరో ఫైర్‌వాలో కాపలా ఉంటుంది. ఎవరు ఎక్కడికి వెళ్లొచ్చో దానికి ముందే చెప్పిపెట్టాలి.

ఊరు దాటాలంటే...

ఇదంతా ఒక కప్పు కింద. మరి ప్రొద్దుటూరు గది జమ్మలమడుగు గదితో మాట్లాడేదెలా? మామూలు బ్రాడ్‌బ్యాండ్‌లోకి వెళ్తే ఆ చీటీ రౌటరు దగ్గరే ఊడిపోతుంది. అందుకు రెండు దార్లున్నాయి.

ఒకటి... టెలికాం సంస్థ దగ్గర ప్రత్యేక లైను తీసుకోవడం. బ్రాంచిల మధ్య రాకపోకలను ఆ సంస్థే మిగతా జనం నుంచి విడిగా మోసుకెళ్తుంది. ఖర్చెక్కువ, భరోసా ఎక్కువ. రెండోది వీపీఎన్. మామూలు ఇంటర్నెట్టే, కానీ ఒక రౌటరు సమాచారాన్ని సంకేతాల్లోకి మార్చి తాళం వేస్తుంది, అవతలి రౌటరు తాళం తీస్తుంది. చిన్న వ్యాపారాలకు ఇదే అందుబాటు.

ఒకే వీల్యాన్‌ను మూడూళ్లకూ సాగదీయడం కన్నా, ఏ ఊరికి ఆ ఊళ్లో గదులు కట్టి, అవసరమైన గదుల మధ్యే దారి వేయడం మేలు. పులివెందులలో ఏదైనా తేడా వచ్చినా, ప్రొద్దుటూరులో బిల్లింగు ఆగదు.

ఈ పద్ధతి ఇళ్లలోకీ వచ్చేసింది. 2017 డిసెంబరులో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ దాంట్లోనే ఇచ్చింది. ఇలాంటి సర్వీసుల్లో ఆ మూడింటినీ విడదీయడానికి మామూలుగా వాడేది వీల్యాన్లనే.

గోడ కట్టేముందు...

* ‘మేనేజ్డ్’ లేదా ‘స్మార్ట్’ రకం స్విచ్ అయితేనే వీల్యాన్లు చేసుకోవచ్చు. ఎనిమిది పోర్టుల చిన్నది కొన్ని వేల రూపాయల్లోనే దొరుకుతుంది.

* కొన్న స్విచ్‌లో అన్ని పోర్టులూ 1వ వీల్యాన్‌లోనే ఉంటాయి. అలాగే వదిలేస్తే గోడ కట్టనట్టే.

* కస్టమర్ల వైఫైకి ఇంటర్నెట్ తప్ప వేరే దారి ఉండకూడదు. కెమెరాలు లెక్కల కంప్యూటరును చూడకూడదు.

* రౌటరు, స్విచ్, డీవీఆర్... కంపెనీ పాస్‌వర్డులు అన్నిటికీ మార్చాలి.

* ఏ నంబరు ఏ గదికో కాగితం మీద రాసి యజమాని దగ్గర ఉంచుకోవాలి. పెట్టిన మెకానిక్‌కు మాత్రమే తెలిస్తే, అతను ఊళ్లో లేని రోజు అంగడి మూసుకోవాల్సిందే!

* వీల్యాన్ తాళం కాదు, గోడ మాత్రమే. దొంగ ఈమెయిల్ తెరిస్తే ఆ గది పోవచ్చు. మిగతా గదులు నిలబడతాయి. బ్యాకప్ మాత్రం ఎప్పుడూ వేరే గదిలోనే ఉండాలి.

బంగారాన్ని అంగట్లో బల్ల మీద వదిలేసి ఎవరూ ఇంటికెళ్లరు. అంతకన్నా విలువైన లెక్కలన్నీ ఇప్పుడు కంప్యూటర్లోనే ఉన్నాయి మరి!