వయ్యారిభామ వలని చర్మవ్యాధి

కోరుట్ల ప్రాంతపు రైతు సోదరులకు వయ్యారిభామను వేఱుగ నెఱిగింప నక్కఱలేదు. కాలువ గట్లను, బీళ్ళను, పసుపు చేల యంచులను తెల్లని చిన్న పూవులతో నాక్రమించు కలుపు మొక్క యిదియే. కొందఱు కాంగ్రెసు గడ్డి యందురు. దీని పుట్టినిల్లు అమెరికా ఖండము. 1956లో పూనా యందు గుర్తింపబడిన పిదప దేశమంతట వ్యాపించెను. ఇది పైరునకు చేయు కీడు అందఱెఱిగినదే. మనుష్యుని చర్మమునకు చేయు కీడును గూర్చి యిచట వ్రాయుచున్నాము.

ఈ మొక్క నూగునందు పార్థినిన్ అను పదార్థము గలదు. ఎండిన మొక్క పొడియై గాలిలో లేచి దేహముపై బడును. ఇది యందఱికిని హాని చేయదు. కొందఱికి ఏండ్ల తరబడి తాకినను ఏమియు గాక, తుద కొకనాడు దేహము దానిని సహింపనిదగును. అటుపై రవ్వంత ధూళికే దురదయు, వాపును గలుగును.

రోగులలో నడివయస్సు పురుషులు, అందును పొలము పని చేయువారు హెచ్చు, పిల్లలలో నరుదు. కొందఱికి కనుఱెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎఱ్ఱబాఱి రసి కాఱును. మఱికొందఱికి ఎండ తగులు చోట్ల చర్మము నల్లబడి దళసరి యగును. వీరు ఎండకును ఓర్వలేరు. ముదిరినచో దేహమంతయు ఎఱ్ఱబాఱి పొట్టు రాలును. అట్టివారిని వెంటనే ఆసుపత్రికి గొనిపోవలెను.

ఈ వ్యాధి అంటునది కాదు. రోగిని దూరముగ నుంచుట, కుష్ఠమని యనుమానించుట అన్యాయము. పని మాని కూలి పోగొట్టుకొన్నవానికి ఇంటివారి నిరాదరణ రెండవ దెబ్బ.

చర్మవైద్యులు వీపుపై పట్టీ యంటించి, రెండు మూడు దినములకు చూచి కారణమును నిర్ణయింతురు. వాపు తగ్గుటకు స్టెరాయిడ్ లేపనములు, మొండి వ్యాధికి అజథయోప్రిన్ మాత్రలు ఇత్తురు. ఈ మాత్రలు వాడునపుడు రక్తపరీక్షలు తప్పవు. మందుల దుకాణమున తామే లేపనము కొని నెలల కొలది పూసికొన్నచో చర్మము పలుచనై చెడును. కొందఱు రోగులకు చేమంతియు సరిపడదు.

మందు కంటె మొక్కను తొలగించుట ముఖ్యము. వాన పడి నేల మెత్తబడినపుడు, పూత రాకమునుపే, చేతి తొడుగులు వేసికొని, నిండు చేతుల చొక్కా తొడిగి, వేళ్ళతో పెఱుకవలెను. పని ముగిసిన వెంటనే స్నానము చేసి బట్టలు ఉదుకవలెను. దద్దుర్లు గలవారు ఈ పనికి రారాదు. పైరు లేని బీళ్ళలో లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి చల్లవచ్చును. పంట చేలలో కూడదు. మెక్సికో నుండి బెంగుళూరునకు తెప్పించిన పెంకు పురుగులు వానకాలమున ఈ యాకులనే తినును, వానిని చంపకుడు.

ఒక్క రైతు తన గట్టు శుభ్రపఱచినంత మాత్రమున ప్రయోజనము స్వల్పము. ప్రక్కవాని గట్టు నుండి గాలి వచ్చుచునే యుండును. కావున సంఘ సభ్యులు ఊరూర నొక దినము నిర్ణయించుకొని, కలసి యీ పని చేయుదురు గాక యని మా మనవి.