కావలి ప్రోగ్రాము వ్రాయు చిట్టా

పూర్వము పెద్ద కొట్టు నడుపు వర్తకుని వద్ద రెండు పుస్తకములు ఉండెడివి. ఏ పూట జరిగిన బేరమును ఆ పూటనే వరుసగా వ్రాసికొనునది చిట్టా. దాని నుండి పేరుపేరున లెక్కలు ఎత్తి వ్రాయునది ఆవర్జా. లెక్క ఎక్కడనైన తప్పినచో గుమాస్తా ముందుగా తెరచునది చిట్టానే. ఓడలలో ఇటువంటి పుస్తకమునకు లాగ్ అని పేరు. ఆ మాటకు అసలు అర్థము కొయ్యదుంగ. నావికులు ముడులు వేసిన త్రాటికి ఒక కొయ్యముక్కను కట్టి సముద్రములో విడచి, ఇసుక గడియారములోని ఇసుక జారిపోవు లోపల ఎన్ని ముడులు చేతినుండి జారినవో లెక్కపెట్టి ఓడ వేగమును తెలిసికొనెడివారు. ఆ లెక్కలు వ్రాసిన పుస్తకమునకు చివరకు కొయ్యముక్క పేరే నిలచినది. నేడు కంప్యూటరులో నడచు ప్రోగ్రాములు తమ పనులను తామే ఎప్పటికప్పుడు వ్రాసికొను ఫైలునకు కూడ లాగ్ అనియే పేరు. తెలుగున చిట్టా అనిన చాలును.

ఒక పెద్ద బ్యాంకులోగాని, రైల్వే రిజర్వేషన్ల వ్యవస్థలోగాని వందలకొలది కంప్యూటర్లు రేయింబవళ్లు పనిచేయుచుండును. ఏ డిస్కు నిండుచున్నది, ఏ యంత్రము మితిమీరి వేడెక్కినది, ఏది పలుకుట మానినది అని మనుష్యులు ఒక్కొక్క దాని కడకు పోయి చూచుట సాధ్యము కాదు. అందువలన ఆ పనికి ఒక కావలి ప్రోగ్రామును నియమింతురు. అది నిమిషమునకు ఒకసారియో, ఇంకను తరచుగనో ప్రతి యంత్రమును ప్రశ్నించి, జవాబులను గ్రాఫుగా గీసి, హద్దు దాటినప్పుడు సిబ్బందికి హెచ్చరిక పంపును. ఇటువంటి వానిలో ప్రసిద్ధమైనది జాబిక్స్. లాట్వియా దేశమునందు అలెక్సీ వ్లాదిషెవ్ దీనిని 1998లో ఆరంభించి, 2001లో మూలపాఠముతో సహా అందరకు ఉచితముగ లభించునట్లు విడుదల చేసెను.

కావలివాడు కూడ పొరబడవచ్చును. రాత్రి రెండు గంటల వేళ గ్రాఫులో గీత తెగిపోయినదనుకొందము. యంత్రము ఆగినదా, తీగ తెగినదా, లేక కావలివాడే కునికినాడా? హెచ్చరిక రాని రాత్రి అంతయు క్షేమముగ ఉన్న రాత్రియే అని చెప్పుటకు వీలులేదు. అప్పుడు చూడవలసినది కావలి ప్రోగ్రాము తనను గురించి తాను వ్రాసికొన్న చిట్టా.

అయితే ఆ చిట్టాకు ఎక్కవలసిన సంగతులన్నియు ఒకే బరువు గలవి కావు. 1980ల దశకములో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమున ఎరిక్ ఆల్మన్ సెండ్‌మెయిల్ అను ఉత్తరముల ప్రోగ్రాము కొరకు సిస్‌లాగ్ అను పద్ధతిని కల్పించెను. 2009లో ప్రకటింపబడిన ప్రమాణము ప్రకారము అందు ఎనిమిది తరగతులు కలవు. 0 అనగా వ్యవస్థ బొత్తిగా పనికిరాకుండ పోయినది. 3 అనగా దోషము. 4 అనగా హెచ్చరిక. 7 అనగా లోపములు వెదకువారికి మాత్రమే పనికివచ్చు సూక్ష్మ వివరము. అంకె పెరిగినకొలది సంగతి తేలిక యగును, అట్టి సంగతుల సంఖ్య అధికమగును. ప్రతి వాక్యమునకు తరగతి ముద్రను ప్రోగ్రాము రచించినవారే వేసి ఉంచెదరు. ఏ అంకె వరకు చిట్టాకు ఎక్కనీయవలెనో నిర్ణయించుట మాత్రము నడుపువారి వంతు. దీనినే చిట్టా స్థాయి అందురు. దీనిని జల్లెడతో పోల్చవచ్చును గాని, జల్లెడలో చిన్నవి ముందు జారును; ఇక్కడ పెద్దవి ఎల్లప్పుడును దాటిపోవును, స్థాయి పెంచినకొలది చిన్నవానికి కూడ దారి దొరకును.

జాబిక్స్‌లో స్థాయిలు 0 నుండి 5 వరకు ఆరు. 0లో ఆరంభము, ముగింపు మాత్రమే వ్రాయబడును. 1లో మిక్కిలి ప్రమాదకరమైనవి, 2లో దోషములు, 3లో హెచ్చరికలు చేరును. 4లో సూక్ష్మ వివరములు వచ్చును, 5లో మరింత సూక్ష్మమైనవి. వేరుగా చెప్పనిచో ప్రోగ్రాము 3 వద్ద నిలచును. స్థాయికి మించిన సంగతి ఎక్కడనో దాచిపెట్టబడునని భ్రమపడరాదు. అది అసలు వ్రాయబడదు. కనుక నిన్న రాత్రి జరిగినదానిని తెలిసికొనుటకు నేడు స్థాయి పెంచినను ప్రయోజనము లేదు. దోషము మరల కలుగువరకు వేచియుండవలెను, లేదా కావలెనని కలిగింపవలెను.

అట్లయిన ఎల్లప్పుడు 5 వద్దనే ఉంచరాదా అని విద్యార్థి అడుగవచ్చును. ఒక చిన్న లెక్క చేసిన సంగతి తెలియును. వాక్యమునకు 100 రోమన్ అక్షరములు, అక్షరమునకు ఒక బైటు అనుకొందము. జాబిక్స్ చిట్టా ఫైలునకు, ఎవరును మార్చనిచో, పరిమితి 1 మెగాబైటు. అనగా సుమారు 10,000 వాక్యములు పట్టును. గంటకు 10 వాక్యములు వ్రాయబడినచో అది నిండుటకు 1,000 గంటలు, అనగా 41 రోజులకు పైగా పట్టును. స్థాయి పెరిగి సెకండునకు 500 వాక్యములు వచ్చి పడినచో 20 సెకండ్లు చాలును! నిండిన ఫైలును ప్రోగ్రాము పాత చిట్టాగా పేరు మార్చి క్రొత్తది తెరచును; అంతకు ముందున్న పాతది చెరిగిపోవును. అందుచేత ఏ క్షణమున చూచినను మిగిలియుండునది కడపటి 40 సెకండ్ల వ్రాతకు మించదు. తెల్లవారి వచ్చి తెరచువానికి రాత్రి రెండు గంటల ముచ్చట ఎక్కడ దొరకును? మేలు కోరి స్థాయి పెంచినవాడే సాక్ష్యమును తుడిచివేసినవాడగును. పరిమితిని 1,024 మెగాబైట్ల వరకు పెంచుకొనవచ్చును. ఆ పని ముందుగానే చేసి ఉంచవలెను.

మరియొక ఇబ్బంది భౌతికశాస్త్ర ఉపాధ్యాయులకు పరిచితమే. అమ్మీటరునకు తన నిరోధము కొంత ఉండుటచే, అది కొలువవలసిన ప్రవాహమునే కొంత తగ్గించును. చిట్టా వ్రాయుటకు కూడ కాలము పట్టును. రెండు ప్రక్రియలు ఒకే క్షణమున ఒకే వస్తువుపై చేయివేయుట వలన పుట్టు దోషము, వ్రాతపని మూలమున వానిలో ఒకటి రవ్వంత ఆలస్యమైనచో కనబడకుండ పోవచ్చును. స్థాయి తగ్గించగనే మరల ప్రత్యక్షమగును. ఇట్టి దోషములకు ప్రోగ్రామర్లు హైజెన్‌బర్గ్ శాస్త్రజ్ఞుని తలచుకొని హైజెన్‌బగ్ అని హాస్యముగ పేరిడిరి.

అధికముగ వ్రాయు చిట్టాలో రహస్యములు కూడ పడవచ్చును. 2018 మే నెలలో ట్విట్టర్ సంస్థ, గుర్తుతెలియని రూపమునకు మార్చకమునుపే పాస్‌వర్డులు ఒక పొరపాటు వలన తమ అంతరంగిక చిట్టాలో వ్రాయబడినవని ప్రకటించి, 33 కోట్లకు పైగా ఉన్న తన వాడుకరులందరిని పాస్‌వర్డు మార్చుకొనుటను ఆలోచింపుమని కోరవలసి వచ్చెను.

కాబట్టి అనుభవము గలవారు స్థాయిని వ్యవస్థ అంతటికి పెంచరు. జాబిక్స్‌లో యంత్రములను ప్రశ్నించు ప్రక్రియలకు పోలర్లు అని పేరు. హెచ్చరికలు పంపునవి, పాత లెక్కలు తొలగించునవి వేరు. ప్రోగ్రామును ఆపకుండనే, పోలర్లకు మాత్రము ఒక మెట్టు పెంచుమని ఆజ్ఞ ఇచ్చుటకు అందు వీలున్నది. ఇది సామాన్యమైన సౌకర్యము కాదు. ఆపి మరల నడిపినచో దోషమునకు కారణమైన పరిస్థితియే చెదరిపోవచ్చును.

పైన చెప్పిన తెగిన గీతను తీసికొందము. అక్కడ నడచునది జాబిక్స్ 6వ తరమని భావింతము. 3వ స్థాయి చిట్టాలో కనబడునది, ఇది మొదటి నెట్‌వర్కు దోషము, 15 సెకండ్లు ఆగవలెను అను వాక్యమొక్కటే. అది చదివినవారు తీగను అనుమానింతురు. తీగ మార్చినను మరునాటి రాత్రి అదే వాక్యము వచ్చును. ఇక 1:55కు పోలర్ల స్థాయిని 4కు పెంచి, 2:20కి దింపివేయవలెను. చిట్టాలో ప్రతి వాక్యము మొదట ప్రక్రియ సంఖ్య, తేదీ, కాలము ఉండును. కాలము సెకండులో వెయ్యవ వంతు వరకు తెలియును. 2:07:11.204కు సంబంధము ఏర్పడి ప్రశ్న వెళ్లినది. 2:07:14.205కు గడువు తీరినది. సంబంధము వెంటనే కలిసినది కనుక తీగ నిర్దోషి. సర్వరు వేచియుండు 3 సెకండ్ల గడువులో జవాబు రాలేదు, అంతే.

వెదకవలసిన చోటు ఇప్పుడు అవతలి యంత్రము. అక్కడ జవాబు చెప్పు ఏజెంటునకు వేరుగ చిట్టాయు, స్థాయియు కలవు. దానిని పెంచి చూడగా, ఫైళ్లను లెక్కించు చిన్న స్క్రిప్టు పగలు ఒక సెకండులో ముగియుచున్నదనియు, రాత్రి బ్యాకప్ నడచువేళ డిస్కునకు తీరిక లేక 7 సెకండ్లు తీసికొనుచున్నదనియు తేలును. ఎవరో ఏజెంటు గడువును 10 సెకండ్లకు పెంచి, సర్వరు గడువును 3 వద్దనే మరచిరి. జవాబు సిద్ధమగు వేళకు అడిగినవాడు వెళ్లిపోవుచున్నాడు! నెట్‌వర్కు దోషము అను మాట అబద్ధము కాదుగాని, సర్వరునకు కనబడినంత మేరకే నిజము.

ఫైళ్ల లెక్కింపును బ్యాకప్ ముగిసిన తరువాతకు జరిపినచో గీత తెగదు. ఆజ్ఞకు ఒక్క మెట్టే కదలును గనుక, ఏజెంటు స్థాయిని రెండు మార్లు పెంచినవారు రెండు మార్లు తగ్గింపవలెను. తగ్గినదో లేదో ఊహింపనక్కరలేదు. స్థాయి మారిన ప్రతిసారి ఆ సంగతిని కూడ ప్రోగ్రాము చిట్టాలోనే వ్రాయును.